గొంతు కలిపే చోటు

ఎవాంజెలిన్‌కు కావలసింది పెన్ను. బాలరాజ్‌కు కావలసింది పేరు, తేదీ. ఆ ఇంట్లో కంప్యూటర్ మీద జరిగిన గొడవంతా అంతే. కంప్యూటర్ రాకముందు జరిగిన గొడవలను విప్పి చూసినా లోపల దాదాపు ఇదే దొరుకుతుంది.

బాలరాజ్ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. అతను మందు ముట్టలేదు, కాగితాలు ముట్టాడు. ఏ మందు ఎట్లా వండాలో రాసిన కాగితాలను కాపాడే క్యూఏ గది అతనిది. అక్కడ కాగితం మీద గీత పడిందంటే పక్కన సంతకం, తేదీ ఉండాలి. కొత్త ప్రతి వచ్చిన రోజే పాత ప్రతిని ప్లాంటులోంచి వెనక్కి తెప్పించి మిషన్లో వేసి పీలికలు చేయాలి. లేకపోతే ఎవడో ఒకడు పాత కాగితం చూసి కొత్త మందు వండుతాడు. చెప్పకుండా జిరాక్స్ తీసినవాడు గేటు బయట ఉంటాడు. అట్లా బాలరాజ్ పట్టిచ్చి బయటికి పంపినవాళ్లలో ఒకడు తన తోడల్లుడి తమ్ముడే. ఆ తర్వాత వచ్చిన క్రిస్మస్‌కు తోడల్లుడి ఇంట్లో బాలరాజ్‌కు ఎవరూ ఎదురు రాలేదు. బాలరాజ్ కేకు తినకుండా వచ్చేశాడు. తప్పు చేశాననుకోలేదు. ఇప్పటికీ అనుకోడు.

ఎవాంజెలిన్ కంది పక్క బడిలో తెలుగు పంతులమ్మ. ఆమెకు పాటల పిచ్చి. సినిమా పాటలు కాదు. నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పాడుకున్న యేసు పాటలు. రాగం పొలానిది, కథ బైబిలుది. ఒకతె ఎత్తుకుంటుంది. ఆమె మాట ఇంకా నోట్లో ఉండగానే, మాట మధ్యలోనే, తక్కినవాళ్లు అందుకుంటారు. ఎక్కడ అందుకోవాలన్నదే ఆ పాటల్లో అసలు పని. ఎవాంజెలిన్ తల్లి అట్లా ఎత్తుకునే మనిషి. వాళ్లమ్మ కొంగు పట్టుకుని చేన్ల వెంట తిరిగిన పిల్ల కాబట్టి ఆ చోట్లు ఎవాంజెలిన్ చెవిలో ఉండిపోయాయి. చెల్లెలు సిల్వియా, ఆ తోడల్లుడి భార్య, హాస్టల్లో పెరిగింది. ఆమెకు పాటల మాటలు తెలుసు, చోట్లు తెలియవు.

రిటైరయ్యాక ఎవాంజెలిన్ ఊరూరా తిరిగి మిగిలిన ముసలమ్మలతో పాడించి మాటలు రాసుకుంది. ఫోన్లో రికార్డు కూడా చేసింది. కానీ మంచం మీద కూర్చుని ఒంటరిగా పాడిన గొంతులవి. గుంపు ఎక్కడ అందుకుంటుందో ఫోనుకు తెలియదు. మాటలన్నీ సంగారెడ్డిలో నరసరాజు ప్రెస్సుకు ఇచ్చింది. మొదటి ప్రూఫు పీడీఎఫ్ వస్తే దాని మీద గుర్తులు పెడతానంది. ఊపిరి తీసుకునే చోట చిన్న కొక్కెం. గుంపు అందుకునే చోట నీటి అల లాంటి గీత.

సరిగ్గా అప్పుడే వాళ్ల పాత లాప్‌టాప్‌కు విండోస్ ఇక అప్‌డేట్లు పంపనని చెప్పేసింది. మేనల్లుడు జైపాల్ వచ్చాడు. కంది దగ్గరి పెద్ద చదువుల క్యాంపస్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకునే మనిషి.

"మామా, కొత్త విండోస్‌ను ఇది మొయ్యదు. ముసలెద్దుకు ట్రాక్టర్ బరువు పెట్టినట్టయితది. ఉబుంటు ఏస్త. ఫ్రీ. వైరస్ పరేషాన్ లేదు."

"ఫ్రీగ ఇచ్చేటోనికి ఏం లాభం?"

"గదొక ధర్మం మామా."

"ధర్మం చేసేటోన్ని నేనింతవరకు సూడలే," అన్నాడు బాలరాజ్. అయినా వేయనిచ్చాడు.

కిష్టారెడ్డిపేటలో వాళ్లది రెండో అంతస్తు ఫ్లాటు. తినే బల్ల మీదే పరీక్ష మొదలైంది. ఫ్యాక్టరీలో సరుకు ఇచ్చేవాడిని ఎట్లా పరీక్షించేవాడో, పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్లను బాలరాజ్ అట్లాగే పరీక్షించాడు. ఉబుంటుతో పాటు వచ్చినదాన్ని ముందు తెరిచాడు. చదవడానికి బాగుంది. పసుపు చీటీ అంటించవచ్చు, వాక్యానికి రంగు వేయవచ్చు. అంతకు మించి దాంట్లో ఏమీ దొరకలేదు. ఇంటర్నెట్ చూసే బ్రౌజరులోనే పీడీఎఫ్ మీద రాయవచ్చని జైపాల్ చూపించాడు. బజార్లో నిలబడి సంతకం పెట్టినట్టుందని బాలరాజ్ దాన్ని కొట్టేశాడు. తర్వాత ఓక్యులర్ వచ్చింది. దాంట్లో ప్రతి గుర్తు పక్కనా పెట్టినవాళ్ల పేరు పడుతుంది, తేదీ పడుతుంది. సేవ్ చేస్తే గుర్తు ఆ పీడీఎఫ్‌లోనే కూర్చుంటుంది. బాలరాజ్‌కు ప్రాణం లేచివచ్చింది.

"ఇగో, ఇదీ సాఫ్ట్‌వేర్ అంటే. ఎవాంజెలిన్, సూడు. నీ పేరు ఎట్ల పడ్డదో సూడు."

ఎవాంజెలిన్ చూసింది. కరోనా నాటి ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న పలక లాంటి ప్యాడు, దాని ప్లాస్టిక్ పెన్ను తెచ్చి తగిలించింది. ఓక్యులర్‌లోనూ చేత్తో గీత గీసే పనిముట్టు ఉంది. ఆమె గీసింది. మళ్లీ గీసింది. చేతికి పడలేదు.

"ప్రతి గీతకు సంతకం ఎందుకయ్యా క్యూఏ సారూ? ఈ ఇంట్ల గీతలు గీసేది నేనొక్కదాన్నే గదా. దొంగ వచ్చి పాటకు గీత పెట్టిపోతడా?"

"రేపు ఎవరన్న అడుగుతె?"

"ఎవరడుగుతరు, దేవుడా? ఆయనకు నా చెయ్యి తెల్సు."

జైపాల్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి నీళ్లకు పోయాడు. వచ్చి జూర్నల్ ప్లస్ ప్లస్ అని ఇంకొకటి ఎక్కించాడు. పెన్నుతో రాసేవాళ్ల కోసమే చేసిందట. ఎవాంజెలిన్ పెన్ను ఆనించింది. గీత నీళ్లలా జారింది. మొదటి పాట రెండో చరణంలో, "గొర్రెల" అన్న మాట సగంలో, ఒక అల పెట్టింది. పెడుతూ ఆ చోటును నోటితో అంది. అంతే, పాట అక్కడ విచ్చుకుంది. బడి మానేశాక ఆమె మొహంలో అంత వెలుగు బాలరాజ్ చూడలేదు. చూసి కూడా ఫైలు పేరు చదివాడు.

"ఇది పీడీఎఫ్ కాదు గదా."

"గీతలు వేరే ఫైల్ల ఉంటయి మామా," అన్నాడు జైపాల్. "కింద పీడీఎఫ్ అట్లనే ఉంటది, దానికేం కాదు. అయిపోయినంక రెండు కలిపి ఒక పీడీఎఫ్‌గ ఎక్స్‌పోర్ట్ చేస్తె చాలు."

బాలరాజ్ తలలో ఒకటే మిగిలింది. గీతలు వేరు, కాగితం వేరు.

ఆమె గెలిచింది. అంటే, అతను ఊరుకున్నాడు. ఊరుకోవడంలో అతనిది అందెవేసిన చెయ్యి. ఆమె రోజూ పొద్దున గుర్తులు పెట్టుకునేది. వాటికి పేరు లేదని, తేదీ లేదని అతను రోజూ పేపరు వెనక నుంచి గుర్తుచేసేవాడు. ఒకరోజు ఆమె అయినంతవరకు ఎక్స్‌పోర్ట్ చేసి సిల్వియాకు పంపుతానంది.

"చెల్లె పాడి సూస్తది. ఆమెకు అర్థమైతె అందరికి అర్థమైతది."

"పని కాకముందు కాపీ బయటికి పోవద్దు. ఒక కాగితానికి ఒక్కటే ప్రతి. రేపు నువ్వు మార్చినంక పాతది ఆమె దగ్గర ఉంటది. ఏది నిజమో ఎట్ల తెలుస్తది?"

"అది నా చెల్లె. ఫ్యాక్టరీ కాదు."

"ఎవరైతేంది?"

ఆమె పెన్ను కింద పెట్టి, "సరే తియ్," అంది. ఆ మాట ఆమె ఈ మధ్య ఎక్కువగా అంటోందని అతనికి తోచలేదు. వాదన తెగిందనుకున్నాడు.

పాటలన్నీ అయిపోయాయని ఆమె చెప్పిన రోజు వాన పడుతోంది. ఇక ఎక్స్‌పోర్ట్ చేసి ప్రెస్సుకు ఇద్దామంది. ముందు తాను చెక్ చేయాలన్నాడు బాలరాజ్. రాసినవాళ్లే సరి అని సంతకం పెట్టుకోవడం ఎక్కడా లేదు, రెండో మనిషి చూడాలి. ఎప్పుడు చూస్తావంది. చూస్తానన్నాడు. పేరు, తేదీ లేని గుర్తుల మీద అతనికి ఇంకా మంట ఉంది. అందుకని రేపు చూస్తానన్నాడు, ఆ మర్నాడు కూడా అదే అన్నాడు. దసరా సెలవుల్లో ఆమెకు జ్వరం వచ్చింది. పటాన్‌చెరులో ఆస్పత్రికి ఆటోలో కూర్చుని, అతని మీద జోకులు వేస్తూ పోయింది. తిరిగి నడిచి రాలేదు.

సమాధి పని అయిపోయిన కొన్నాళ్లకు నరసరాజు ఇంటికి వచ్చాడు. ప్రెస్సు నడిపేవాడైనా మనిషి మెత్తన. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మ ఫోన్ల చెప్పిన మాటల తప్పులన్ని దిద్దిన సార్. పేజీ సైజు గూడ చిన్నగ చేసిన, చేతిల పట్టనీకె మంచిగుంటదని. ఇది రెండో ప్రూఫు."

పెన్‌డ్రైవ్ ఇచ్చిపోయాడు. మొదటి ప్రూఫు వచ్చిందీ ఈ పెన్‌డ్రైవ్‌లోనే, దాన్ని చెరిపి దీన్ని ఎక్కించాడు.

బాలరాజ్ రెండో ప్రూఫును లాప్‌టాప్‌లో పెట్టాడు. మొదటిది పక్కనే ఉంది. రెండింటి పేరూ దాదాపు ఒకటే. ఎవడో ఒకడు పాతది తెరిచి కొత్తదనుకుంటాడు. ఇంట్లో ఆ ఎవడో ఒకడు తాను తప్ప ఎవరూ లేరన్న ఆలోచన అతనికి రాలేదు. చెత్తబుట్టలో వేస్తే తిరిగి తీయవచ్చు. అందుకని జైపాల్ దగ్గర ఎప్పుడో నేర్చుకున్న ష్రెడ్ అన్న కమాండు వాడాడు. ఫ్యాక్టరీలో మిషన్ పేరు కూడా అదే. ఫైలు మీద చెత్త రాసి, మళ్లీ రాసి, ఆనవాలు లేకుండా చేస్తుంది. ఎవాంజెలిన్ గీతల ఫైలు జోలికి పోలేదు. అది వేరే ఫైలు. దాన్ని తెరవలేదు కూడా. ఆమె చేతిరాత చూడాలంటే అతనికి భయం. భయమని ఒప్పుకోక, టైము లేదని చెప్పుకున్నాడు. టైము తప్ప ఏమీ లేని ఇంట్లో కూర్చుని.

ఆ శీతాకాలమంతా ఓక్యులర్‌లో రెండో ప్రూఫు చదివాడు. కామా ఎక్కువైన చోట గుర్తు పెట్టాడు. ప్రతి గుర్తు పక్కనా తన పేరు పడింది, తేదీ పడింది. బాగుందనిపించింది.

చర్చిలో కోతల పండుగ దగ్గర పడ్డాక సిల్వియా వచ్చింది. ఆడవాళ్ల సమాజానికి ఇప్పుడు ఆమే పెద్ద. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"బావా, ఇల్లా ఇది, మార్చురీయా? కిటికీలు తియ్యవా?"

"దుమ్ము."

"దుమ్ము నీకు భయపడి రాదు తియ్. అక్క పుస్తకం ఏడిదాక వచ్చింది? పండుగకు పుస్తకం చేతిల ఉండాలె. పిల్లలకు పాటలు నేర్పాలె. మాటలు నేను నేర్పుత. యాడ గొంతు కలపాలెనో అక్క పెట్టిన గుర్తులు సూసి నేర్పాలె, నాకు రాదు. తెరువు."

"మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఓక్యులర్. నేను చదివి పెట్టిన."

"నీ చదువెవనికి గావాలె? అక్క గీతలు దేంట్ల ఉన్నయో అది తెరువు."

తెరిచాడు. జూర్నల్ కాసేపు ఆలోచించి ఒక డబ్బా చూపించింది. ఈ గీతల కింద ఉండాల్సిన పీడీఎఫ్ దొరకడం లేదు. దాన్ని వేరే చోటికి జరిపి ఉంటారు, పేరు మార్చి ఉంటారు, లేదా తీసేసి ఉంటారు. ఇంకో పీడీఎఫ్ చూపిస్తారా, లేక కాగితం లేకుండానే తెరవాలా అని అడిగింది.

బాలరాజ్ రెండో ప్రూఫు చూపించాడు.

గీతలు పడ్డాయి. ఆ చేయి ఎవాంజెలిన్‌దే, అనుమానం లేదు. కానీ అల ఒకటి పేజీ నంబరు మీద పడింది. కొక్కెం ఒకటి అంచు మీద ఖాళీలో వేలాడింది. రెండు పాటల మధ్య తెల్ల జాగాలో అలలు మూడు, ఒకదాని కింద ఒకటి, ఎవరూ లేని చోట ఎవరినో పిలుస్తున్నట్టున్నాయి. పేజీ చిన్నదైంది. వరసలు వేరే చోట విరిగాయి. గీతలు మాత్రం పాత కాగితం మీద ఉన్నామనుకుని ఉన్నచోటే ఉన్నాయి.

"ఇదేంది?" అంది సిల్వియా. "ఇది అక్క పెట్టింది గాదు."

"ఆమె పెట్టిందే. కింద కాగితం మారింది."

"అయితె పాత కాగితం తియ్యి."

బాలరాజ్ పేజీ కిందికి జరిపాడు.

"బావా. పాతది ఏది?"

"తీసేసిన."

"తీసేసినవంటె, యాడ పెట్టినవ్?"

"పెట్టలే. కొత్తది వచ్చినంక పాతది ఉంచొద్దు."

సిల్వియా కుర్చీలో వెనక్కి వాలింది.

"ఓక్యులర్‌ల పెట్టుమని చెప్పిన," అన్నాడు బాలరాజ్. "నా మాట వింటె గీతలు కాగితంలనే ఉండేటివి."

"ఉండేటివి. అప్పుడు కాగితంతోని గీతలు గూడ పీకి పారేసేటోనివి. ఇప్పుడు నయ్యం, గీతలన్న మిగిలినయి."

జైపాల్ వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుని లేచాడు. "మామా, మీరు నేర్చుకున్న కమాండే అది. మంచిగ పని చేసింది," అన్నాడు. ఎగతాళి చేద్దామని కాదు, వేరే మాట దొరకక. నరసరాజు దగ్గర మొదటి ప్రూఫు లేదు. కంపోజు చేసినతను అదే ఫైలును దిద్ది దాని మీదే సేవ్ చేసుకున్నాడు. పాత సైజులో మళ్లీ పేజీ కట్టి చూశాడు నరసరాజు, పాపం. మాటలు మారాయి, ఖాళీలు జరిగాయి. గీత ఒక పాటలో కాస్త ఇటు, ఇంకో పాటలో కాస్త అటు. ఈ పాటల్లో మాట సగంలో అందుకుంటారు. ఒక్క అక్షరం జరిగినా అది ఆ చోటు కాదు.

ఆదివారం చర్చి విడిచాక సిల్వియా బాలరాజ్‌ను మార్తమ్మ దగ్గరికి తీసుకుపోయింది. కంది దాటాక క్యాంపస్ గోడ అయిపోయే చోట మార్తమ్మ కొడుకుల ఇల్లు. ఎవాంజెలిన్ తల్లితో కలిసి చేన్లలో పాడినవాళ్లలో ఇంకా ఊపిరి ఉన్నది ఆమె ఒక్కతే. రేకుల కింద నులక మంచంలో కూర్చుని ఉంది. హైవే మీద లారీ పోయినప్పుడల్లా మాట ఆపుతుంది.

"ఎవరు, ఎవాంజెలి పెనిమిటా? ఏమయ్యా అల్లుడా, పెండ్లాం ఉన్నన్నాళ్లు ఈ గడప తొక్కలే. ఇప్పుడు మొకం యాదికొచ్చిందా?"

"తప్పైంది అత్తమ్మా."

"తప్పు నాకెందుకు జెప్తవు? జెప్పేటోళ్లకు జెప్పకపోతివి." లారీ పోయింది. "ఏం గావాలె?"

పాట కావాలంది సిల్వియా. మార్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుని ఎత్తుకుంది. గొంతు సన్నబడింది గానీ చావలేదు. సిల్వియా కనిపెట్టుకుని ఉండి, ఒక చోట అందుకుంది.

"ఆడ గాదు."

మళ్లీ మొదటి నుంచి. సిల్వియా ఇంకాస్త ఆగి అందుకుంది.

"ఆడ గాదు బిడ్డా."

"మరి యాడ పెద్దమ్మా? జెర చెప్పు."

"చెప్తె వస్తదా? చేన్ల వంగి ఉన్నప్పుడు తెలుస్తుండె. చెయ్యి బురదల దిగంగనె నోరు లేస్తుండె. మీ అమ్మ నడుము ఎత్తకుంటనె ఎత్తుకుంటుండె, మేం అందుకుంటుంటిమి. ఇప్పుడు మంచం మీద కూసోని యాడ లేపాలె నోరు?"

ఇంకోసారి పాడింది. "గొర్రెల" దగ్గరికి వచ్చి ఆగింది. బాలరాజ్ ముందుకు వంగాడు. ఈ మాట దగ్గరే, ఈ మాట సగంలోనే, ఎవాంజెలిన్ తినే బల్ల మీద అల పెట్టడం అతను చూశాడు. ఏ అక్షరం మీద? అతను కళ్లు మూసుకుని గుర్తుచేసుకోబోయాడు. ఆమె మొహం గుర్తొచ్చింది. ఆ తర్వాత ఫైలు పేరు గుర్తొచ్చింది. అక్షరం రాలేదు.

"ఇక్కడ పాట ఆగిందెందుకు అత్తమ్మా? ఇక్కడే కలుస్తరా?"

"ఊపిరి ఆగింది అయ్యా," అంది మార్తమ్మ. "కలుసుడు లేదు, ఏం లేదు. ముసలిదాన్ని."

సిల్వియా ఫోన్లో రికార్డు చేస్తున్నది ఆపేసింది. మార్తమ్మ కోడలు టీ తెచ్చింది. అతను చేసిన పని ముసలమ్మకు తెలిసిందో లేదో, బాలరాజ్ టీ తాగినంతసేపూ అతని వైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారు సిల్వియా నడిపింది. రుద్రారం దాటారు.

"అందాజాగ పెట్టేద్దాం బావా," అంది. "నరసరాజు కట్టిన పేజీల మీద గీతలు దగ్గర దగ్గరనె పడుతున్నయి. చిన్నగ సదురుదాం. నేను పాడి సూస్త, యాడ మంచిగుంటె ఆడ పెడ్తం."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"తెల్వని చోట గుర్తు పెట్టొద్దు. పుస్తకం మీద ఆమె పేరుంటది. పిల్లలు గదే నేర్చుకుంటరు. వాళ్ల పిల్లలకు గదే చెప్తరు. మనం పెట్టిన తప్పు ఆమె పెట్టినట్టయితది. తుడుద్దామన్నా ఇగ పోదు."

"గుర్తులు లేకుంటె ఇంగేముంటది పుస్తకంల?"

"మాటలుంటయి."

సిల్వియా గేరు మార్చింది. కోపం చేతిలోకి వచ్చింది, మొహంలోకి రాలేదు.

"నువ్వు చెప్పింది రైటే బావా. మా మరిది విషయంల గూడ నువ్వు రైటే, నా మొగనికి మొకం మీద చెప్పిన. ఎప్పటికి రైటే ఉంటవు నువ్వు. అందుకే అక్క నీకు ఎదురు చెప్పుడు బంద్ చేసింది. నాతోని ఏమంటుండెనో తెల్సా? ఆయన తప్పయితె నేను గెలుస్తుంటి గదనే, అంటుండె."

బాలరాజ్ కిటికీ అవతలికి చూశాడు. ఇస్నాపూర్ జంక్షన్‌లో సిగ్నల్ పడింది. షిఫ్టు దిగిన బీహారు పిల్లలు రోడ్డు దాటుతున్నారు, ఒకడు ఫోనులో ఏదో పాట పెట్టుకుని, దానితో పాటు అరుస్తూ.

"నీ ఇష్టం," అన్నాడు బాలరాజ్. "పెట్టాల్నంటె పెట్టు."

"ఇప్పుడు నా ఇష్టమా?" అంది సిల్వియా. "ఇప్పుడు నాకెందుకిస్తున్నవు?" ఆ తర్వాత, అలసిపోయిన గొంతుతో, "వద్దు తియ్. నువ్వన్నదే అయితది. తప్పు గుర్తు పెట్టి అక్కను అబద్ధం చెయ్య నేను."

గుర్తులు లేకుండానే పుస్తకం అచ్చయింది. అట్ట మీద ఎవాంజెలిన్ పేరు పెద్దదిగా వేశాడు నరసరాజు. లోపల మాటలు తప్పు లేకుండా ఉన్నాయి. కామాలు కూడా ఉండాల్సిన చోట ఉన్నాయి.

కోతల పండుగ నాడు చర్చి ముందు జొన్న కంకులు, గుమ్మడికాయలు, ఎవరో కట్టేసిన మేకపిల్ల. సిల్వియా ఆడపిల్లలను రెండు వరసలుగా నిలబెట్టింది. కళాశాల పిల్లలు, ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే పిల్లలు, ఇద్దరు నర్సులు. అందరి చేతుల్లో కొత్త పుస్తకం. బాలరాజ్ వెనక బెంచీలో అంచుకు కూర్చున్నాడు. పక్కన నరసరాజు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకు తండ్రిలా.

ఒకతె ఎత్తుకోవాలి. సిల్వియా ఎవరినీ ఎత్తుకోమనలేదు. చేయి పైకెత్తి దించింది. రెండు వరసలూ మొదటి మాట నుంచే ఒక్కసారిగా పాడాయి. మంచి గొంతులు. శ్రుతి తప్పలేదు. ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు, ఎవరి మాటలోకీ ఎవరూ రాలేదు. చర్చిలో ప్రతి ఆదివారం పాడే పాటల్లాగే ఇదీ నడిచింది. "గొర్రెల" అన్న మాట వచ్చింది. అందరూ పూర్తిగా పలికి ముందుకు పోయారు.

ముందు వరసలో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నరసరాజు కళ్లు తుడుచుకుని బాలరాజ్ చేయి పట్టుకున్నాడు.

"ఎంత కలిసి పాడిండ్రు సార్! అమ్మ ఉంటె ఎంత సంబరపడుతుండెనో."

బాలరాజ్ చేయి వెనక్కి తీసుకోలేదు. సిల్వియా పిల్లలకు తర్వాతి పేజీ చూపిస్తోంది. ఇటు తిరగలేదు. ఎవాంజెలిన్ ఈ పాటను వంటింట్లో పాడేటప్పుడు, అందుకునేవాళ్లెవరూ లేకున్నా వాళ్ల వంతు కూడా తానే పాడుతూ, అన్నం ఉడికేదాకా సాగదీసేది. ఎంతసేపు పాడతావని అతను హాల్లోంచి అరిచేవాడు.

ఇప్పుడు పాట తొందరగా అయిపోయింది.